పాపాలు అరువడిగిన ఆగ్నేసు

ఇటు తిరుగు. కాళ్ళు దులుపుకున్నావా? దుప్పటి లాక్కో. ఊఁ కొడుతూ ఉండాలి సుమా. ఊఁ కొట్టకపోతే కథ దారి తప్పి పక్కింటోళ్ళ మంచం ఎక్కుద్ది.

అనగనగనగా, మిరపకాయలు పండే ఒక ఊళ్ళో, ఆగ్నేసు అని ఒక పిల్ల ఉండేది. నీ అంతే ఉండేది. మూడో తరగతి. నోరు మాత్రం ముగ్గురి పెట్టు. పొద్దున లేచిన కాడి నుంచి ఎందుకు, ఎందుకు అని ఒకటే ప్రశ్నలు. కోడి నీళ్ళు తాగి పైకెందుకు చూస్తది? గుడిగంట తాడు అంత పొడుగెందుకు? ఫాదర్ గారు ఒకరోజు పచ్చ బట్టలు, ఒకరోజు ఊదా బట్టలు ఎందుకేసుకుంటారు? వాళ్ళమ్మ కర్మేలమ్మ "నా తల తినబాకే తల్లీ" అని మొత్తుకునేది.

అన్ని ఎందుకులకీ ఎవరో ఒకళ్ళు ఏదో ఒకటి చెప్పేవాళ్ళు. ఒక్కదానికి మాత్రం ఎవరూ నోరు విప్పేవాళ్ళు కాదు. నాన్న గుడిలోకి ఎందుకు రాడు?

వాళ్ళ నాన్న పేరు బాలశౌరి. మంచోడే, వంక పెట్టేదానికి లేదు. ఆదివారం పూజకి తల్లినీ, పెళ్ళాన్నీ, పిల్లనీ ఒకే బండి మీద ఎక్కించుకుని గుడి దాకా తెచ్చేవాడు. ఎట్టా పట్టారని అడగబాక, పట్టారు అంతే. తెచ్చి దించి, తను మాత్రం ప్రహరీ గోడ బయటే కూర్చునేవాడు. లోపల పాట పాడుతుంటే బయట ఆయన పెదాలు కదిలేవి. లోపలికి మాత్రం అడుగు పెట్టడు.

ఆ ఏడు ఆగ్నేసుకి మొదటి సత్ప్రసాదం, ఫాదర్ గారి చేతి మీంచి మొదటిసారి దేవుడి అప్పం తీసుకునే రోజు. నీకు తెలుసుగా, తెల్లగౌను, తలమీద ముసుగు, చేతిలో కొవ్వొత్తి. ఆ ఊళ్ళో ఒక ఆచారం ఉంది. ఆ రోజు పిల్ల ఒక్కతే నడవదు. ఒక పక్క అమ్మ, ఒక పక్క నాన్న, బలిపీఠం దాకా తీసుకుపోవాలి. అందరి నాన్నలూ చొక్కాలు ఇస్త్రీ చేయించుకుంటున్నారు. ఆగ్నేసుకి మాత్రం అన్నం సయించడంలా. నాన్న ఉండి కూడా తను ఒక పక్క ఖాళీగా నడవాలా అని దాని బెంగ.

అప్పుడు అది నాన్ననే అడిగింది.

"చెప్పులు ఎవరన్నా ఎత్తుకుపోతారని రావా నాన్నా?"

"కాదులేవే."

"సాంబ్రాణికి దగ్గొస్తుందా?"

"మిరపకాయల కళ్ళంలో బతికేవాడికి సాంబ్రాణి ఒక లెక్కా?"

"ఫాదర్ గారి ప్రసంగం పెద్దదనా?"

ఆ మాటకి నవ్వాడు. నవ్వుతూనే లేచి పనిలోకి పోయాడు.

ఆ తర్వాత జ్ఞానోపదేశం బడిలో సిస్టరమ్మ చెప్పింది. "వచ్చే శనివారం మీ అందరికీ పాపసంకీర్తనం. పాపాలు గుర్తు తెచ్చుకుని రండి. అవి ఫాదర్ గారికి చెప్పుకుని మనసు కడుక్కుంటేనే సత్ప్రసాదం."

ఆగ్నేసు కూర్చుని పది ఆజ్ఞలూ వరసగా తిరగేసింది. ఎవర్నీ చంపలా. దొంగతనమా? ఇంట్లో బెల్లం ఇంట్లో పిల్ల తింటే దొంగతనం ఎట్టా అవుద్ది? అమ్మానాన్నల్ని గౌరవించాలి, గౌరవిస్తానే ఉంది. చెప్పిన మాట వినకపోవడం వేరే సంగతి. ఎంత వెతికినా దానికి ఒక్క పాపం కనపడలా. చూశావా ఎంత గొప్పదో! నువ్వూ అంతేగా, నిన్నటి పెరుగుగిన్నె సంగతి నేను అడగనులే.

"సిస్టరమ్మా, నాకు పాపాల్లేవు. ఏం చెయ్యాలి?" అని అడిగింది.

సిస్టరమ్మ పిల్లల ముసుగులు కుడుతోంది. నోట్లో గుండుసూదులు. "వెతుక్కోవే, దొరుకుద్ది" అంది అట్టాగే.

సరే, ఇంటికొచ్చి వెతికింది. ఎక్కడ దొరుకుద్ది? అప్పుడు దానికొక ఆలోచన వచ్చింది. ఇంట్లో తోడు లేకపోతే పక్కింటికి పోయి కాస్త పెరుగు అడిగి తెచ్చుకోమా? పాపం కూడా ఎవరినన్నా అడిగి తెచ్చుకుంటే సరి. పైగా పెద్దోళ్ళకి చాలా ఉంటాయి, ఒకటి ఇస్తే తరిగిపోతారా?

మొదట నాన్నమ్మ దగ్గరికి పోయింది. నాన్నమ్మ పేరు ఇన్నాసమ్మ. అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది.

"నాన్నమ్మా, ఒక పాపం ఉంటే ఇవ్వవే. శనివారం చెప్పాలి."

"హవ్వ! పాపం ఇవ్వమని అడుగుద్దేందే ఈ పిల్ల!" అని ముక్కున వేలేసుకుంది ముసలమ్మ. అయినా పిల్ల మొహం చూసి జాలిపడింది. అటూ ఇటూ చూసి, దగ్గరికి లాక్కుంది. "మొన్న తపస్సు కాలంలో శుక్రవారం, మాంసం తినకూడదుగా. అవతలింటోళ్ళు కోడికూర ఇచ్చారు. నేను ముక్క ముట్టలా. పులుసే పోసుకున్నా. రెండుసార్లు. ఎవరికీ చెప్పబాకే."

"చెప్పను నాన్నమ్మా" అంది ఆగ్నేసు.

ఆ తర్వాత అమ్మ దగ్గరికి పోయింది. కర్మేలమ్మ పొయ్యి ముందు చెమటలు కక్కుతోంది. "పాపం అంట పాపం, అవతలికి పో" అని కసిరింది. ఆగ్నేసు పోతే కదా. జిడ్డులాగా పట్టుకుంది. ఆఖరికి కర్మేలమ్మ గరిటె పక్కనపెట్టి, "సాయంత్రం జపమాలలో రహస్యాలని ఐదు వంతులు చెప్తాంగా, మధ్యలో మీ నాన్నమ్మ కునుకు తీస్తుందా, అప్పుడు నేను మూడో రహస్యం మీంచి ఐదో రహస్యానికి దూకేస్తా. పొయ్యి మీద కూర మాడిపోద్దని. మీ నాన్నకి తెలిస్తే ఏడాదంతా ఏడిపిస్తాడు. ఒట్టెయ్, చెప్పనని" అంది.

ఆగ్నేసు ఒట్టేసింది.

ఆ తర్వాత కళ్ళం కాడికి పోయింది. బాలశౌరి ఎండిన కాయల్ని పారతో కుప్ప చేస్తున్నాడు. దాని కళ్ళు మండాయి, తుమ్ములు వచ్చాయి. తుమ్ముతూనే అడిగింది.

"నాకేం పాపాల్లేవు, పో" అన్నాడు.

"నాన్నమ్మ ఇచ్చింది, అమ్మ కూడా ఇచ్చింది. నువ్వే పిసినారోడివి."

"మీ అమ్మ ఇచ్చిందా! ఏందది?"

ఆగ్నేసు నోరు ఆగుద్దా? రహస్యాలు దూకే సంగతి మొత్తం చెప్పేసింది. బాలశౌరి నవ్వాడు చూడూ, పార వదిలేసి, పొట్ట పట్టుకుని, కళ్ళ నీళ్ళు తుడుచుకునేదాకా నవ్వాడు. నవ్వీ నవ్వీ ఉన్నట్టుండి ఆగిపోయాడు. కింద కూలబడ్డాడు.

"ఒకటుందే" అన్నాడు. "నువ్వు పుట్టిన ఏడు, మరియమ్మ తల్లి పండగ. తేరు భుజాల మీద మోసే ఊరేగింపు. తేరు ముందు కర్ర నేను పట్టాలని నేను, తను పట్టాలని మా బాబాయి కొడుకు. గుడి ముందే మాటా మాటా పెరిగింది. నేను కోపంతో భుజం తీసేశా. తేరు ఒరిగింది. తేరు మీదున్న తల్లి స్వరూపం గుడి స్తంభానికి కొట్టుకుని చిటికెనవేలు విరిగింది."

"ఆ వేలు అతికించారుగా నాన్నా! నేను చూశాగా, బాగానే ఉంది."

"అతికించారు. ఆ రోజు ఒక్కరు కూడా నన్ను ఒక్క మాట అనలేదే. తిట్టినా బాగుండేది. అందరూ చూసి ఊరుకున్నారు. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని లోపలికి పోను? పోతే ఫాదర్ గారు ఏమంటారో, ఏం చెయ్యమంటారో. ఎవరికీ చెప్పబాకమ్మా."

పాపం, అన్నేళ్ళలో ఆయన్ని ఎందుకు రావని సూటిగా అడిగింది ఆ పిల్ల ఒక్కతే. ఊఁ కొడుతున్నావా? ఆఁ, కొట్టు.

అప్పుడు శనివారం వచ్చింది. పిల్లలంతా వరసలో నిలబడ్డారు. జాలీ కిటికీ ఉన్న చెక్కపెట్టె, అవతల ఫాదర్ గారు. ఆగ్నేసు వంతు రాగానే మోకరించి, సిలువ గుర్తు వేసుకుని, గబగబా మొదలెట్టింది.

"ఫాదర్, మూడు తెచ్చాను. ఒకటి మా నాన్నమ్మది, ఒకటి మా అమ్మది, ఒకటి మా..."

"ఆగాగు ఆగు" అన్నారు ఫాదర్ గారు. "ఇంకొకళ్ళవి నేను వినకూడదమ్మా. ఎవరివి వాళ్ళే తెచ్చుకోవాలి."

"మా నాన్న రాడు కదా ఫాదర్. అందుకే నేను తెచ్చా."

జాలీ అవతల ఫాదర్ గారు గొంతు సవరించుకున్నారు. "మరి నీది ఏదమ్మా?" అన్నారు మెల్లగా.

"నాకు లేదు ఫాదర్. ఇల్లంతా వెతికా."

"వాళ్ళవన్నీ నీకు చెప్పారు కదా. చెప్పేటప్పుడు నిన్నేమీ అడగలేదా?"

"ఎవరికీ చెప్పొద్దన్నారు."

"చెప్పావా?"

ఆగ్నేసుకి అప్పుడు గుర్తొచ్చింది. ఒట్టేసి మరీ అమ్మ మాట నాన్నకి చెప్పింది కదా! ఇన్నాళ్ళూ వెతికిన పాపం తన దగ్గరే ఉంది. దొరికినందుకు సంతోషపడాలా? పడలా. దానికి చెవులు వేడెక్కాయి. లేచి పరిగెత్తాలనిపించింది. గోడ బయటికి పోయి కూర్చుంటే బాగుండు అనిపించింది. అప్పుడు తెలిసింది దానికి, వాళ్ళ నాన్న అక్కడ ఎందుకు కూర్చుంటాడో.

అయినా చెప్పింది. ఏడుస్తా ఏడుస్తా చెప్పింది. ఫాదర్ గారు విన్నారు. "మీ అమ్మకి చెప్పి క్షమాపణ అడుగు. మరియమ్మ తల్లికి మూడు మంగళవార్త జపాలు చెప్పుకో. దేవుడు నిన్ను క్షమించాడు, శాంతి సమాధానాలతో పో" అని ఆశీర్వదించారు.

అప్పుడు ఆగ్నేసు ఇంటికొచ్చి, తెచ్చుకున్నవన్నీ ఎవరివి వాళ్ళకి తిరిగిచ్చేసింది.

"నాన్నమ్మా, నీది ఫాదర్ గారు తీసుకోలా. నువ్వే తెచ్చుకోవాలంట."

"ఓసి నీ దుంపతెగ! పులుసు సంగతి అక్కడిదాకా మోసుకుపోయావా?"

"పులుసని చెప్పలేదులే నాన్నమ్మా. చెప్పేలోపలే ఆపేశారు."

"బతికించాడు మహానుభావుడు" అని ముసలమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

ఆ తర్వాత అమ్మ కొంగు పట్టుకుని, "అమ్మా, నీ మాట నాన్నకి చెప్పేశా. తప్పయిపోయింది" అంది. కర్మేలమ్మ దాని బుగ్గ గట్టిగానే గిల్లింది. "అదా సంగతి! నిన్న జపమాలప్పుడు వసారాలో పడుకుని ఆయన ఎందుకు నవ్వాడా అనుకున్నా" అంది. గిల్లిన బుగ్గమీదే ముద్దు పెట్టింది.

ఆ తర్వాత నాన్న. బాలశౌరి కళ్ళం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు.

"నీది కూడా వెనక్కి తెచ్చా నాన్నా" అంది.

ఆయన గభాల్న తలెత్తాడు. "చెప్పావా?"

"లేదు. ఎవరివి వాళ్ళే తెచ్చుకోవాలంట. నేను నాదే చెప్పా. అమ్మ మాట నీకు చెప్పేశాగా, అది."

"ఏమన్నారు ఫాదర్ గారు? కోప్పడ్డారా?"

"లేదు."

"అందరికీ వినపడేట్టు అన్నారా ఏమన్నా?"

"లేదు నాన్నా. మూడు మంగళవార్త జపాలు చెప్పుకోమన్నారు."

"అంతేనా?"

"అంతే."

బాలశౌరి చెంబు పట్టుకుని అట్టాగే నిలబడ్డాడు. నీళ్ళన్నీ కారిపోయాయి, చూసుకోలా. "అంతేనా?" అన్నాడు మళ్ళీ, ఈసారి పిల్లని కాదు, తనని తనే అడుగుతున్నట్టు.

ఆ సాయంత్రం గుడిలో పెద్దోళ్ళు పాపాలు చెప్పుకునే వరస. నాన్నమ్మ ముందు నిలబడింది, అమ్మ వెనక నిలబడింది. ఆగ్నేసు గుమ్మం కాడ కూర్చుని గేటు వంక చూస్తోంది. చూసీ చూసీ మెడ నొప్పి పుట్టింది. అప్పుడు గేటు కిర్రుమంది. బాలశౌరి! తలకాయ దువ్వుకుని, చొక్కా గుండీలు పైదాకా పెట్టుకుని వస్తున్నాడు. గుమ్మం కాడ ఆగాడు. ఆగ్నేసు ఆయన చెయ్యి పట్టి లాగలా, పిలవలా. ఊపిరి బిగబట్టుకుని చూసింది. ఆయన కుడికాలు లోపల పెట్టాడు. ఎడమకాలు కూడా పెట్టాడు. పోయి వరసలో అందరికన్నా ఆఖర నిలబడ్డాడు. వెనక్కి తిరిగి చూసినోళ్ళు ఒక్క అడుగు ముందుకు జరిగి ఆయనకి చోటిచ్చారు.

చెక్కపెట్టె దగ్గర చాలాసేపు ఉన్నాడు. బయటికొచ్చేసరికి కళ్ళు ఎర్రగా ఉన్నాయి, మొహం మాత్రం తేటగా ఉంది. ఆగ్నేసు పరిగెత్తుకుంటా పోయింది. దానికి ఆగుద్దా?

"నాన్నా నాన్నా, నీకు ఎన్ని ఇచ్చారు?"

బాలశౌరి పిల్లని ఎత్తుకున్నాడు.

"మూడేనే" అన్నాడు.

"నాకిచ్చినన్నే!" అంది ఆగ్నేసు.

ఇద్దరూ మరియమ్మ తల్లి ముందు పక్కపక్కన మోకరించి, మూడు జపాలూ గట్టిగా చెప్పుకున్నారు. తెల్లారి ఆదివారం ఆగ్నేసు తెల్లగౌనేసుకుని నడిచింది. ఒక పక్క అమ్మ, ఒక పక్క నాన్న. దానికి కొవ్వొత్తి మీద ధ్యాసే లేదు, అస్తమానం నాన్న మొహంలోకే చూసుకుంటా నడిచింది.

ఆఁ? నాన్నమ్మ పులుసు సంగతి ఏమైందంటావా? అది ఆమెకీ ఫాదర్ గారికీ దేవుడికీ తెలుసు. నాకెట్టా తెలుస్తుందే? అడిగిందే అడగబాక. సిలువ గుర్తు వేసుకుని కళ్ళు మూసుకో.

కథ పోయె కంచికి,
మనం వస్తిమి ఇంటికి,
కునుకు వచ్చె కంటికి,
కావలిదూత పక్కకి.