ఊఁ కొట్టేవాళ్ళు లేని చదువు

అనగనగా ఒక ఊళ్ళో అందామంటే, అది ఊళ్ళో కాదు తల్లీ. ఊరు దాటాక, చెరుకు తోటలు కూడా దాటాక, ఒక రైలుగేటు ఉండేది. గేటు పక్కన ఒకటే గది. ఆ గదిలో గేటు వేసే అప్పలనర్సయ్య, వాళ్ళమ్మాయి నూకరత్నం ఉండేవాళ్ళు. అమ్మ లేదు.

నువ్వు ఊఁ కొడుతూ ఉండాలి మరి. ఊఁ ఆగిందంటే నాకు కథ ముందుకు నడవదు.

ఆ గేటు దగ్గర రోజూ ఎంతోమంది ఆగేవాళ్ళు. ఎడ్లబండి వాళ్ళు, సైకిళ్ళ వాళ్ళు, చేపల గంపల వాళ్ళు. అందరూ పట్టాల వైపే చూసేవాళ్ళు. రైలు వెళ్ళగానే గేటు లేచేది, వాళ్ళు వెళ్ళిపోయేవాళ్ళు. గుమ్మంలో ఒక పిల్ల నిలబడి ఉందని ఎవరికీ పట్టేది కాదు.

నాన్న మంచివాడే గాని మాట తక్కువ మనిషి. నూకరత్నం ఏం చెప్పినా ఊఁ అనేవాడు. గంప కింద కోడి గుడ్డు పెట్టిందంటే ఊఁ. సాయంత్రం పుస్తకం తెచ్చుకుని చదువుతుంటే ఒక్కో మాటకీ ఒక్కో ఊఁ. గేటు చక్రం తిప్పుతూ ఊఁ, జెండా చుట్టుకుంటూ ఊఁ. ఆ పిల్లకి అదే అలవాటైపోయింది. ఒక మాట చదవడం, ఆగడం, నాన్న ఊఁ అన్నాక మళ్ళీ చదవడం.

చదవడం వచ్చు కదా అని, ఆ పిల్లని ఊళ్ళో బడిలో నేరుగా మూడో తరగతిలో వేశారు. మాణిక్యం టీచరు రోజూ ఒక్కొక్కరిని నిలబెట్టి పాఠం పైకి చదివించేది. ఒకరోజు నూకరత్నం వంతు వచ్చింది.

నూకరత్నం లేచింది. "ఒక పిచ్చుక గూడు కట్టుకుందామనుకుంది" అని చదివింది. ఆ గొంతు పుస్తకానికి తప్ప ఇంకెవరికీ వినపడలేదు. చదివి ఆగింది. ఊఁ కోసం చూసింది.

బడిలో ఊఁ ఎవరంటారు చెప్పు. ఎవరూ అనలేదు. ఎవరూ వినడం లేదు కాబోలు అనుకుని ఆ పిల్ల మెల్లగా కూర్చుండిపోయింది.

ఆ తర్వాత ఇంకోరోజు మళ్ళీ లేపారు. ఈసారి కొంచెం గట్టిగానే చదివింది. మళ్ళీ అక్కడే ఆగింది. అప్పుడు వెనక నుంచి పైడితల్లి అనే పిల్ల, "గేటు పడిపోయిందర్రా" అంది. బడంతా ఒకటే నవ్వు. ఆ రోజు నుంచి అందరూ గేటుపిల్లా అని పిలవడం మొదలుపెట్టారు.

పాపం, ఈ పిల్లకి చదవడం రాదనుకుంది టీచరు. సోమవారం ఇంకోసారి చూస్తానని, అప్పుడూ రాకపోతే రెండో తరగతి పిల్లల్లో కూర్చోబెడతానని చెప్పింది.

నూకరత్నం చెరుకు తోటల మధ్య ఒక్కతే ఏడ్చుకుంటూ ఇంటికొచ్చింది. నాన్న గేటు వేసి నిలబడి ఉన్నాడు. బడిలో అందరూ నవ్వారని చెప్పింది. ఊఁ అన్నాడు. కింది తరగతిలో వేస్తారంట అని చెప్పింది. ఊఁ అన్నాడు.

"నేనింక బడికెళ్ళను నాన్నా. ఇక్కడే ఉండిపోతాను."

నాన్న ఊఁ అనలేదు.

నూకరత్నం ఎదురుచూసింది. రైలు వచ్చింది, వెళ్ళింది. నాన్న గేటు ఎత్తడం మరిచిపోయి అలాగే నిలబడ్డాడు. బండివాడు, ఏం బావా నిద్రపోయావా అని కేకేస్తే అప్పుడు ఎత్తాడు. అన్నం తినేటప్పుడూ ఊఁ లేదు. పడుకునేటప్పుడూ లేదు. అంతవరకూ ఏ మాటకీ అలా చెయ్యలేదు ఆయన.

సోమవారం పొద్దున్నే నాన్న ఆ పిల్లకి రెండు జడలు వేశాడు. ఎలా వేశాడనుకున్నావు? ఒకటి పైకి, ఒకటి కిందకి. అన్నం గిన్నె చేతికిచ్చాడు. నూకరత్నం ఇంకేమీ అనలేక బడి దారి పట్టింది.

ఆ పైడితల్లి ఉంది చూశావూ, వాళ్ళమ్మా, నాన్నా, నాయనమ్మా అందరూ కూలికెళ్తారు. అందుకని చంటి చెల్లెల్ని చంకనేసుకుని బడికి తెచ్చుకునేది. ఆ చంటిదానికి వాళ్ళ నాయనమ్మ రోజూ రాత్రి కథ చెప్పి నిద్రపుచ్చేది, నీకు నేను చెప్పినట్టే.

టీచరు నూకరత్నాన్ని లేపింది. నూకరత్నం పుస్తకం తెరిచింది. "ఒక పిచ్చుక గూడు కట్టుకుందామనుకుంది." ఆగింది. పిల్లలు మూతికి చేతులు అడ్డం పెట్టుకున్నారు.

అప్పుడు వెనక నుంచి ఆ చంటిది, "ఊఁ" అంది.

నూకరత్నం చటుక్కున పుస్తకంలోకి చూసింది. "చెట్టు కొమ్మన కట్టింది, గాలికి పడిపోయింది" అని చదివింది. చంటిది మళ్ళీ ఊఁ అంది. "చూరు కింద కట్టింది, వానకి తడిసిపోయింది." ఊఁ అని, చంటిది అక్క భుజం మీద నిద్రపోయింది.

ఊఁ ఆగిపోయింది. నూకరత్నం కూడా ఆగిపోయింది.

అప్పుడు పైడితల్లి, "ఊఁ అంటన్నాను కదే, సదువు. నువ్వాగితే ఇది లేచి నా పేణం తీస్తాది" అని గొణిగింది. నూకరత్నం చదివింది. పైడితల్లి ఊఁ అంది. పిచ్చుక ఊరంతా తిరిగింది. ఊఁ. ఎవరూ చోటివ్వలేదు. ఊఁ.

ఆ తర్వాత పిచ్చుక ఒక పాడుబావిలోకి తొంగి చూసింది. నూకరత్నం అక్కడ ఆగింది. ఊఁ రాలేదు. తలెత్తి చూస్తే ఏముంది, పైడితల్లి నోరు తెరుచుకుని అలాగే చూస్తోంది. పిల్లలందరూ అలాగే చూస్తున్నారు. టీచరు సుద్దముక్క కింద పెట్టేసింది.

ఓహో, ఊఁ అనకపోయినా వింటారన్నమాట అనుకుంది నూకరత్నం. లోపల తనకి తనే ఒక ఊఁ అనుకుంది. అనుకుని, ఆ పిచ్చుక బావి గోడ సందులో గూడు కట్టుకుని, పిల్లల్ని పెట్టేదాకా, పాఠమంతా చదివేసింది.

మాణిక్యం టీచరు దగ్గరికొచ్చి తల నిమిరింది. ఆ తర్వాత, నీ చోట్లోనే కూర్చో అమ్మా అంది. "గేటు లేచిందర్రా" అంది పైడితల్లి. ఈసారి నూకరత్నానికీ నవ్వొచ్చింది.

సాయంత్రం అయింది. పిల్లలందరూ ఊళ్ళోకి వెళ్ళిపోయారు. గేటు వైపు వచ్చేవాళ్ళు ఎవరుంటారు? చెరుకు తోటల మధ్య నూకరత్నం ఒక్కతే నడిచింది. నడుస్తూ పాఠం పైకే చెప్పుకుంది.

గేటు దగ్గర నాన్న పచ్చజెండా పట్టుకుని ఉన్నాడు. చదవనా నాన్నా అని అడిగింది. ఊఁ అన్నాడు.

అంతలో గూడ్సుబండి వచ్చేసింది. ఎంత పొడుగో, పెట్టె మీద పెట్టె, నేలంతా అదురుతోంది. ఆ మోతలో తన గొంతు తనకే వినపడలేదు. నాన్న పెదవులు కదులుతున్నాయి గాని ఊఁ వినపడలేదు. నూకరత్నం ఎక్కడా ఆగలేదు. ఆఖరి పెట్టె వెళ్ళిపోయేసరికి పిచ్చుక గూట్లో ఉంది.

ఏమే, ఊఁ అనవేం?

నిద్రపోయావా. ఏ మాట దగ్గర కునుకు తీశావో ఏమో, నేను చూసుకోనేలేదు. పోనీలే, నేనూ ఆపకుండానే చెప్పేశాను.

కథ కంచి దారి పట్టింది,
కన్ను నిద్ర దారి పట్టింది.
ఊఁ కొట్టిన నోటికి బెల్లం ముక్క,
ఊఁ కొట్టకపోయినా నువ్వు నా పక్క.