ఓబులక్క గులకరాయి

అనగనగా. ఎంత అనగనగా అంటే, ఇప్పుడు వాగు పారేచోట అప్పుడు బండ్ల బాట ఉండేది, బండ్ల బాట ఉన్నచోట వాగు పారేది. అప్పటి మాట. ఊ కొట్టేవాళ్ళు ఊ కొట్టండి, నిద్రొచ్చేవాళ్ళు గోడ పక్కకు జరగండి.

ఒక కొండ. ఆ కొండ కింద ఒక పల్లె. పల్లె పేరు చెప్పను. చెప్తే చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు అది మాదంటే మాదని తగువుకొస్తారు.

ఆ పల్లెలో ఏటా ఒక నడక ఉండేది. వానలు వెనకపట్టి తంగేడు పూసే కాలంలో, ఆశ్వయుజంలో ఒకనాటి పొద్దున ఊరు ఊరంతా కదిలేది. వానకు ఏ దారి తెగిందో, ఏ గట్టు జారిందో, అడవి పందులు ఎటునుంచి చేలల్లో పడుతున్నాయో చూసుకుంటూ కొండ చుట్టూ తిరిగి, పొద్దు వాలేలోగా వచ్చేసేవాళ్ళు. పందులకు మనుషులంటే లెక్కలేదు, కుక్కలంటే భయం. అందుకని నడిచే ప్రతి మనిషి చేతిలో ఒక తాడు, తాడు చివర ఒక కుక్క. కుక్క లేనివాళ్ళకు నడక లేదు. అది కట్టుబాటు.

ఇంకో సంగతి కూడా ఉంది. మనుషుల్ని లెక్కపెట్టకూడదని ఆ ఊరి నమ్మకం. వేలు చూపించి ఒకటి, రెండు అంటే ఆ మనిషికి ఆయుష్షు తరుగుతుందట. మరి కొండ చుట్టూ తిరిగినవాళ్ళంతా క్షేమంగా వచ్చారని తెలిసేదెట్లా? కుక్కల్ని లెక్కపెట్టేవాళ్ళు. ఊరి బయట ఒక తెల్ల బండ ఉంది. నడక పెద్ద దాని పక్కన నిలబడి, ఒక్కో కుక్క దాటగానే ఒక్కో గులకరాయి సంచిలో వేసేవాడు. అన్నీ దాటాక సంచి భుజాన వేసుకుని, గబగబా పోయి అందరికంటే ముందు నడిచేవాడు. తిరిగొచ్చేటప్పుడు మళ్ళీ అదే బండ దగ్గర నిలబడి, ఒక్కో కుక్కకు ఒక్కో రాయి తీసి పారేసేవాడు. సంచి ఖాళీ అయిందంటే అందరూ వచ్చినట్టే.

అప్పుడు నడక పెద్ద తిమ్మన్న. మంచివాడే గానీ, చెప్పిందే చెప్పే మనిషి.

ఆ ఊళ్ళో ఓబులక్క అని ఒకామె ఉండేది. బొంతలు కుట్టేది. ఎక్కడినుంచి వచ్చిందో, నా అన్నవాళ్ళు ఎవరో ఎవరూ అడగలేదు, ఆమె కూడా చెప్పలేదు. ఎవరింట్లో పాత చీరలు పోగుపడితే వాళ్ళ అరుగుమీద కూర్చుని కుట్టేది, వాళ్ళు పెట్టిన సంగటి తినేది, అక్కడే పడుకునేది. తినేముందు మొదటి ముద్ద ఆ ఇంటి కుక్కకు పెట్టేది. ఆమెకంటూ కుక్క లేదు. ఇల్లంటూ ఉంటే కదా కుక్క ఉండేది. ఊళ్ళోని కుక్కలన్నీ ఆమె కనపడితే తోకాడించేవి. మనుషులు మాత్రం బొంత చిరిగినప్పుడే తలుచుకునేవాళ్ళు.

పొద్దస్తమానం సూదిమీదే చూపు పెట్టుకునే ఆ మనిషికి ఒకటే దురద. కొండ అవతల ఏముంది?

తిమ్మన్నను అడిగింది. ఏముంటుంది, రాళ్ళు అన్నాడు. కుమ్మరి లచ్చుమక్కను అడిగింది. అవతలంతా తంగేడు పూలే, కాలు పెట్టడానికి సందుండదు అంది లచ్చుమక్క. గొర్రెలు కాసే బీరప్పను అడిగింది. అక్కడ ఒక మోగే రాయి ఉందని, కొడితే కంచు చెంబులాగా మోగుతుందని వాళ్ళ తాత చెప్పేవాడట. ఏ రాయో బీరప్పకు తెలియదు, తనెప్పుడూ చూడలేదు. తాత ఆ మాటంటే ఊళ్ళో అందరూ నవ్వేవాళ్ళట.

ఒకే దారిలో, ఒకే రోజు నడిచొచ్చిన ముగ్గురు మూడు చెప్పారు. మరి నాకేం కనపడుతుందో, అనుకుంది ఓబులక్క. ఇక ఆమెకు కుదురు లేదు.

ఆ ఏడు ఆశ్వయుజంలో ఉత్తచేతులతో తెల్ల బండ దగ్గరికి వచ్చింది.

"కుక్కేదక్కా?" అన్నాడు తిమ్మన్న.

"ల్యా."

"కుక్క లేనోళ్ళకు నడక ల్యా."

వెనక్కి వెళ్ళిపోయింది.

మరుసటేడు బీరప్పను బతిమాలి ఒక మేకపిల్లను తాడుకు కట్టుకొచ్చింది. తిమ్మన్న మళ్ళీ కుక్కేదని అడిగాడు. కుక్క లేదు, మేకపిల్ల ఉంది అంది. ఆ మాట పూర్తయిందో లేదో కుక్కలన్నీ మేకపిల్ల వెంటపడ్డాయి, కుక్కల వెంట మనుషులు పడ్డారు. ఆ పూట నడక సగం మేకపిల్ల వెనకే జరిగింది. కుక్క లేనివాళ్ళకు నడక లేదని తిమ్మన్న రొప్పుతూ మళ్ళీ చెప్పాడు. ఓబులక్క మేకపిల్లను చంకనెత్తుకుని వెనక్కి వెళ్ళిపోయింది.

మూడో ఏడు వచ్చింది. చేతిలో చీరల అంచులు పేని చేసిన తాడు. తాడు చివర ఒక ఉచ్చు. ఉచ్చులో ఏమీ లేదు.

"కుక్కేదక్కా?"

"ఇదో, తాడు చివర ఉండాది."

"నాకు కనపడల్యా."

"నీకు కొండ అవతల రాళ్ళు తప్ప ఏం కనపడినాయి గనక."

జనం పగలబడి నవ్వారు. తిమ్మన్నకూ నవ్వాగలేదు. పో పో అని చెయ్యూపాడు. ఓబులక్క ఉత్త తాడు పట్టుకుని బండ దాటింది. నాలుగడుగులు వేసి వెనక్కి చూసింది. తిమ్మన్న చెయ్యి సంచి దగ్గరికి పోలేదు.

"నాకు రాయి వెయ్యల్యా తిమ్మన్నా?"

"కుక్క ఉంటే కదక్కా రాయి. నడు నడు."

ఓబులక్క మనసు చివుక్కుమంది. కానీ ఎదురుగా కొండదారి, ఆకాశం కడిగిన పళ్ళెంలాగా ఉంది. కాళ్ళు ఆగుతాయా?

అందరికంటే చివర నడిచింది. ప్రతి పొద దగ్గరా ఆగింది, ప్రతి పుట్టనూ వంగి చూసింది. కొండ మలుపు తిరగ్గానే పచ్చగా తంగేడు, మోకాళ్ళదాకా తంగేడు. లచ్చుమక్క నిజమే చెప్పింది. తంగేడు దాటితే రాళ్ళు, చిన్నవీ పెద్దవీ గుట్టలు గుట్టలుగా రాళ్ళు. తిమ్మన్నా నిజమే చెప్పాడు. మరి బీరప్ప తాత?

ఓబులక్క ఒక చిన్న రాయి చేతబట్టుకుని ఒక పెద్ద గుండురాయిని కొట్టింది. టక్కుమంది. ఇంకోదాన్ని కొట్టింది. టక్కుమంది. ముందు నడిచేవాళ్ళు రమ్మని కేకేశారు, వస్తున్నాలే అంది. ఇంకోటి, ఇంకోటి. ముందువాళ్ళు మలుపు తిరిగిపోయారు. ఆమె రాళ్ళ గుట్టల్లోకి పోయింది. అప్పుడు ఒక నల్లటి గుండును కొట్టింది.

ఠంగుమంది.

మళ్ళీ కొట్టింది, మళ్ళీ ఠంగుమంది. పైన ఎట్లా మోగుతుందో చూద్దామని ఎక్కబోయింది. పాచి పట్టిన రాయి. కాలు జారి రెండు గుండ్ల మధ్య ఇరుక్కుంది. మోకాలు కలుక్కుమంది. లాగితే రాలేదు. కేకలేస్తే పలికినవాళ్ళు లేరు.

పొద్దు వాలసాగింది. ఓబులక్కకు తెల్ల బండ కళ్ళముందు కనపడింది. తిమ్మన్న ఒక్కో రాయి తీసి పారేస్తాడు. సంచి ఖాళీ అవుతుంది. అందరూ వచ్చినట్టే అంటాడు. రాయి లేని మనిషిని వెతుక్కుంటూ ఎవరొస్తారు? అది తలచుకోగానే కాలి నొప్పి కంటే అది ఎక్కువ నొప్పి పెట్టింది. ఆ రాళ్ళ మధ్య కూర్చుని పెద్దగా ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, చేతికందిన రాయి తీసుకుని నల్ల గుండును కొట్టింది. ఠంగు. ఠంగు. ఠంగు.

తెల్ల బండ దగ్గర తిమ్మన్న సరిగ్గా అట్లాగే చేశాడు. కుక్కకొక రాయి పారేశాడు. సంచి తిరగేసి దులిపాడు. అందరూ వచ్చినట్టే అన్నాడు. అందరూ సంగటి ముద్దలు విప్పుకుని కూర్చున్నారు.

ముందు తిమ్మన్న కుక్క నల్లోడు చెవులు రిక్కించింది. లేచి కొండవైపు పరుగెత్తింది. పిలిస్తే ఆగలేదు. తర్వాత లచ్చుమక్క మచ్చల కుక్క పోయింది. తర్వాత బీరప్ప గొర్రెల కుక్క పోయింది. ఇక ఒకటేమిటి, తాళ్ళు ఈడ్చుకుంటూ అన్నీ పోయాయి. జనానికి ఏ చప్పుడూ వినపడలేదు. ముద్దలు చేతుల్లో పెట్టుకుని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"మనుషులంతా ఈడే ఉంటే, కుక్కలు ఎవురికోసం పోతాండాయి?" అన్నాడు తిమ్మన్న.

లచ్చుమక్క చుట్టూ చూసింది. "ఓబులక్క యాడ?" అంది.

తిమ్మన్న చేతిలోని ఖాళీ సంచివైపు చూశాడు. ముద్ద వదిలేసి పరుగెత్తాడు. అతని వెనక ఊరంతా పరుగెత్తింది.

వాళ్ళు పోయేసరికి నల్ల గుండు చుట్టూ కుక్కలు కూర్చుని ఉన్నాయి. నల్లోడు ఓబులక్క చెయ్యి నాకుతోంది. అందరూ కలిసి గుండును కదిలించి ఆమె కాలు బయటికి తీశారు. తిమ్మన్నకు కళ్ళనీళ్ళు ఆగలేదు. నీకో రాయి వేసుంటే ఇట్లా జరిగేది కాదక్కా అని ఏదో చెప్పబోయాడు.

"అది తరవాత. ముందు ఇది విను," అని ఓబులక్క గుండును కొట్టింది. ఠంగుమంది.

బీరప్ప ఉన్నచోటే కూలబడ్డాడు. "మా తాత అబద్ధం చెప్పల్యా," అన్నాడు. ముసలివాడు చిన్నపిల్లవాడిలాగా ఏడ్చాడు.

అప్పుడు ఓబులక్క తిమ్మన్నవైపు తిరిగింది. "ఇప్పుడు వెయ్యి, నా రాయి."

తిమ్మన్న ఒక గులకరాయి ఏరి సంచిలో వేశాడు. ఆమెను వీపున మోసుకుని తెల్ల బండ దాకా వచ్చాడు. బండ దాటాక ఆమే సంచిలో చెయ్యి పెట్టి, తన రాయి తను తీసి పారేసింది. అప్పుడు గానీ ఆమె మొహం తేటపడలేదు.

ఆ కాలు మళ్ళీ సరిగ్గా కుదరలేదు. కొండ చుట్టూ తిరగడం ఆమెకు మరి కుదరలేదు. అయినా ఏటా తెల్ల బండ దగ్గరికి వచ్చి కూర్చునేది. ఇంటికొక గుడ్డపేలిక చొప్పున అడిగి తెచ్చి, గులకరాళ్ళకు కొత్త సంచి కుట్టిచ్చింది. మొదటి రాయి తనది వేయించేది. నేను రాకపోతే ఏం, నా రాయి చుట్టి రానీ అనేది. సాయంత్రం తన రాయి తీసుకుని, ఒక్కొక్కరినీ ఆపి ఏం కనపడింది అని అడిగేది. రాళ్ళు అంటే ఊరుకునేది కాదు. ఏ రాయి, ఎట్లా ఉంది అనేది. ఆమెకు చెప్పాలి కదా అని జనం చుట్టూ చూస్తూ నడవడం మొదలుపెట్టారు. ఆఖరికి తిమ్మన్న కూడా ఒకసారి పిట్టగూడు చూశానని వచ్చి చెప్పాడు.

ఒక ఏడు వానలింకా వెనకపట్టకముందే, సగం కుట్టిన బొంత కిందే ఓబులక్క కన్నుమూసింది. సొంతవాళ్ళు లేరని ఎవరూ అనలేదు. ఊరంతా ఏడ్చింది.

ఆశ్వయుజం వచ్చింది. తెల్ల బండ దగ్గర తిమ్మన్న చెయ్యి అలవాటు కొద్దీ మొదటి రాయి సంచిలో వేసింది. వేశాక గుర్తొచ్చింది. అయినా తియ్యలేదు. సాయంత్రం అన్ని కుక్కలూ బండ దాటాయి. సంచిలో ఒక రాయి మిగిలింది. దాన్ని తీశాడు. పారేయడానికి చెయ్యి రాలేదు. మళ్ళీ సంచిలోనే వేసి మూతి బిగించి కట్టాడు.

"ఆమె ఇంగా రాల్యా," అన్నాడు. "చూసేటివి శానా ఉంటాయి ఆమెకు. నిదానంగా రానీ."

తిమ్మన్న పోయాడు. లచ్చుమక్క పోయింది. బీరప్పా పోయాడు. ఆ సంచి చిరిగింది, కుట్టారు, మళ్ళీ చిరిగింది, మళ్ళీ కుట్టారు. నడక మాత్రం ఇప్పటికీ ఉంది. మొదటి రాయి ఓబులక్కది. కుక్క లేనివాళ్ళు వస్తే, అది కొత్త కోడలు కానీ, దారిన పోయే గాజులమ్మే ఆమె కానీ, వాళ్ళ చేతికొక ఉత్త తాడిస్తారు. వాళ్ళకూ ఒక రాయి వేస్తారు. మీరెప్పుడైనా అటు పోతే మీకూ ఇస్తారు, పట్టుకోండి, సిగ్గుపడొద్దు.

సాయంత్రం అందరూ బండ దాటాక సంచిలో ఒక రాయి మిగులుతుంది. నడక పెద్ద కొండవైపు తిరిగి కేకేస్తాడు. ఓబులక్కా, ఏం కనపడింది?

అందరూ కాసేపు మాటలాపి వింటారు. మనుషులకు ఏమీ వినపడదు. కుక్కలు మాత్రం చెవులు రిక్కిస్తాయి.