దీపాలు పెట్టాక ఉప్పు

కొండదిగువ ఊళ్లో జబ్బుపడ్డవాళ్లకి గంజిలో ఎండుమిరపకాయలు నూరి కలిపి పట్టారు. ముగ్గురు పోయారు. అలా పట్టమన్నది ఉప్పు నూకాలేనని ఊరంతా అంది. అది పూర్తిగా అబద్ధమూ కాదు.

ఇది ఏ రాజు ఏలిన కాలమో చెప్పలేం. రాజు పేరు పోయింది, నూకాలు పేరు మిగిలింది. సముద్రం ఒడ్డున ఉప్పుమడుల పక్కన ఆమె గుడిసె. నెత్తిన బుట్ట పెట్టుకుని ఊరూరా తిరిగి ఉప్పు అమ్మేది. ఒక్కగానొక్క కూతురు చిట్టెమ్మని కొండదిగువకే ఇచ్చింది.

ఆ ఏడు వాంతులూ విరేచనాల జబ్బు ఊళ్ల మీద పడింది. దారులకి అడ్డంగా ముళ్లకంపలు వేశారు. ఏ ఊరి ఏడుపు ఆ ఊరిదే. ఒక ఊరు నేర్చుకున్నది పక్క ఊరికి తెలిసేది కాదు. ఉప్పు లేకుండా మాత్రం ఎవరికీ జరగదు. అందుకని నూకాలు కంప దాకా వెళ్లి, బుట్ట దించి, దూరంగా నిలబడేది. వాళ్లొచ్చి ఉప్పు తీసుకునేవాళ్లు. ఆ కాస్త సేపట్లో ఏ ఊళ్లోనైనా ఆమె అడిగేది ఒకటే.

"ఎవరు బతికారు? ఏటి పట్టారు?"

మొదటి ఊరివాళ్లు, "దాహమన్నా నీళ్లియ్యలేదు. నీళ్లిస్తే జబ్బు ముదిరిపోద్ది కదా," అన్నారు.

ఎవరు బతికారు? ఎవరూ బతకలేదు.

రెండో ఊరివాళ్లు వేపకషాయం పట్టారు. ఎవరు బతికారు? ఒక్కడు. వాడు కషాయం ఉమ్మేసినవాడు.

మూడో ఊళ్లో ఒక మంత్రసాని, "పల్చటి గంజిలో ఉప్పేసి గుక్కగుక్కగా పట్టాను. కక్కితే మళ్లీ పట్టాను," అంది.

ఎవరు బతికారు? "మా ఇంట్లో అందరూ."

నూకాలు ఆ ఒక్క మాటతో ఊరుకోలేదు. పక్కింటివాళ్లని పిలిపించి అడిగింది, ఆ పక్కింటివాళ్లని అడిగింది. అప్పుడు వెనక్కి నడిచి మొదటి ఊరికీ రెండో ఊరికీ చెప్పింది. అక్కడా మనుషులు లేచి కూర్చున్నారు.

ఇక కొండదిగువ మిగిలింది. ఆ రోజు సరుకు దారిలోనే అయిపోయింది. వట్టి చేతులతో అక్కడికి చేరేసరికి ఇళ్లలో దీపాలు పెట్టేశారు.

దీపాలు పెట్టాక ఉప్పుని ఉప్పు అనకూడదు. అంటే ఇంట్లోంచి లక్ష్మి లేచిపోతుంది. సముద్రం వైపు ఆ వేళప్పుడు దాన్ని 'బుట్టలోది' అంటారు. నూకాలు కంప ఇవతలి నుంచి అరిచింది.

"గంజిలో బుట్టలోది ఏసి పట్టండి!"

"బుట్టలోదా?"

"బుట్టలోదే!"

కొండదిగువలో ఉప్పు కుండలో ఉంటుంది. బుట్టలో ఉండేవి ఎండుమిరపకాయలు. దీపాలయ్యాక వాళ్లు ఉప్పుని 'రుచి' అంటారు. ఎప్పుడూ పగలొచ్చి పగలే వెళ్లిపోయే నూకాలికి ఆ సంగతి తెలీదు.

మళ్లీ వచ్చినప్పుడూ దీపాల వేళే అయింది, బుట్టా ఖాళీయే. కంప అవతల వియ్యపురాలు అచ్చియ్యమ్మ నిలబడి ఉంది. వెనక నలుగురు ఆడవాళ్లు.

"మళ్లీ వచ్చినావా వదినా? ముగ్గుర్ని సాగనంపినావు, సాల్లేదేటి? ఆ మిరపకాయల గంజి నువ్వొక గుక్క తాగి సూపించు!"

"మిరపకాయలా? ఎవరు ఎయ్యమన్నారు?"

"నువ్వు కాదేటి? బుట్టలోది అన్నావు కదా!"

ఈ ఊళ్లో బుట్టలో ఉండేది వేరని నూకాలికి అప్పుడు తెలిసింది.

అచ్చియ్యమ్మ గొంతు తగ్గించింది. "సిట్టెమ్మ పొద్దున్నించి కక్కుతోంది. ఏటి పొయ్యాలో ఈసారైనా తిన్నగా సెప్పు."

'తెల్లటిది' అనబోయి నూకాలు ఆగింది. పిండీ తెల్లగానే ఉంటుంది. సున్నమూ తెల్లగానే ఉంటుంది.

"ఉప్పు," అంది.

"ఓలమ్మో, దీపాలేళ!" ఆడవాళ్లు చెవులు మూసుకున్నారు.

"ఉప్పు. ఉప్పు, వదినా. మీ కుండలో ఉంటాదే, ఆ ఉప్పు. ఇప్పుడు నువ్వు సెప్పు."

"నానెలా అంటాను? నా ఇంట్లో లక్ష్మి..."

"నీ ఇంట్లో నా కూతురుంది. అను."

అచ్చియ్యమ్మ కళ్లు గట్టిగా మూసుకుని అంది. "ఉప్పు." అనేసి ఇంటికి పరిగెత్తింది.

చిట్టెమ్మ బతికింది. పోయిన ముగ్గురు తిరిగి రాలేదు. వాళ్ల ఇళ్లవాళ్లు నూకాలు దగ్గర మళ్లీ ఉప్పు కొనలేదు. ఆమె కొనమని అడగలేదు.

ఇప్పటికీ ఆ ఊళ్లలో ఎవరైనా ఎవరికైనా మందు చెబితే, విన్నవాళ్లు దాన్ని తమ మాటల్లో తిరిగి చెప్పాలి. చెప్పకుండా లేవబోతే, "నూకాలికి ఒప్పజెప్పి కదులు," అని కూర్చోబెడతారు. దీపాలయ్యాక పిల్లలు సైతం ఉప్పుని ఉప్పనే అడుగుతారు.

నూకాలు ఆ సాయంత్రం కంప దగ్గరే ఒకటి నిశ్చయించుకుంది. ప్రాణం మీది సంగతికి మారుపేరు వాడకూడదు, విన్నవాళ్లు తిరిగి చెప్పేదాకా కదలకూడదు. పోయేదాకా అలాగే చేసింది.