కోశాధికారి తలపాగా

పొద్దున్నే మొదటి జాము గంట కొడుతుండగా అద్దకం పనివాడు గురవయ్య కొలువులో మూట దించాడు. సముద్రం అవతలి దీవికి వెళ్లి అక్కడి నీలి అద్దకం నేర్చుకురమ్మని రాజాజ్ఞ. ఇక రోజువారీ బత్తెం ఎంతో తేలాలి.

కోశాధికారి విశ్వంభరుడు పెదవి విరిచాడు. "బత్తెం దేనికి ప్రభూ? నేను రాజ్యమంతా తిరిగాను. తిండికీ పడవకీ పడకకీ దమ్మిడీ ఖర్చు కాలేదు. మనిషికి పొదుపు తెలియాలి!"

గురవయ్య తన మూట వైపు చూసుకున్నాడు. పస్తులతో దీవి దాకా వెళ్లేదెలా? అంతలో విశ్వంభరుడి నెత్తిన రాజముద్ర ఉన్న తలపాగా తళుక్కుమంది.

"అయ్యగారి మాట నిజమే ప్రభూ," అన్నాడు చేతులు జోడించి. "నాకు డబ్బొద్దు, ఆ తలపాగా ఇప్పించండి. మన రేవు దాకా అదే నన్ను పోషిస్తుంది. దాన్ని ఎరగని దేశంలో మాత్రం నా పొట్ట సంగతి తమరే చూడాలి."

విశ్వంభరుడి చేయి చప్పున తలపాగా మీదికి పోయింది. రాజు పగలబడి నవ్వాడు. ఇంటి గడప దగ్గర మొదలుపెట్టి తిరిగి వచ్చేదాకా గురవయ్యకు నిండు బత్తెం ఇమ్మన్నాడు.

వారం తర్వాత ఓడ ఎక్కబోతూ గురవయ్య ఒక కబురు విన్నాడు. తలపాగా చాకలికి వేసిన రోజున, కూలి ఇవ్వందే కోశాధికారిని పడవవాడు ఎక్కనివ్వలేదట.