బాబుగారి విగ్రహం

పూర్వం ఒక రాజ్యంలో, ప్రతి సీమ నుంచీ జనం ఎన్నుకున్న ఒకరు రాజుగారి మహాసభలో కూర్చునేవారు. ఏటిసీమ తరఫున కొండలరాయుడుగారు నల్లజుట్టుతో వెళ్లి, జుట్టు నెరిసినా అక్కడే ఉన్నారు. ఎన్నిక వచ్చినప్పుడల్లా ఏటి మీద వంతెన, ఊళ్లో బడి కట్టిస్తానని మాటిచ్చేవారు. జనం మాత్రం ఇంకా నడుంలోతు నీళ్లలోనే ఏరు దాటుతున్నారు.

ఒకసారి ఆయన ఊరొచ్చి, "ఇన్నేళ్లు మీకోసం సభలో కూర్చున్నాను. నాకో విగ్రహం పెట్టించరూ?" అన్నారు.

అందరూ మొహమొహాలు చూసుకున్నారు. చల్లలమ్ముకునే పైడమ్మ కుండ పక్కన పెట్టి లేచింది.

"పెట్టించకేం బాబుగారూ! రెండొడ్లవాళ్లకీ కనబడేలా వంతెన నడిమధ్యన పెట్టిస్తాం."

రాయుడుగారు ఉబ్బిపోయారు. రాజధానికి వెళ్లి, మొట్టమొదటిసారి సభలో లేచి నోరు విప్పారు. ఏడాది తిరిగేసరికి వంతెన పూర్తయింది.

ఆయన ఆత్రంగా వచ్చి వంతెన నడిమధ్యన నిలబడి, "విగ్రహమేదీ?" అన్నారు.

చల్లకుండతో వంతెన దాటుతున్న పైడమ్మ ఆగింది.

"ఇక్కడ ఎండకీ వానకీ పాడైపోతారు బాబుగారూ. నీడపట్టున బడి అరుగు మీద పెట్టిద్దామనుకున్నాం."

"ఏ బడి?"

"వంతెనతోపాటు మాటిచ్చారే, ఆ బడి!"