ఓబులమ్మ మెడలో సీసా

ఊళ్ళో తెలివంతా తమ ఇంట్లోనే పోగుపడిందని బొరుగుల కదిరప్పకు గట్టి నమ్మకం. తనకూ, భార్య ఓబులమ్మకూ, తమ్ముడు లింగన్నకూ పంచగా మిగిలిన తెలివి అటక మీద ఉందనేవాడు.

ముగ్గురూ కలిసి ఇంట్లోనే బొరుగుల బట్టీ నడిపేవారు. పొయ్యి కిందికి వరిపొట్టు, ఇంటి నిండా పొగ. ఆ పొగకు ఓబులమ్మకు దగ్గు పట్టుకుంది. కదిరప్పకు భార్యంటే ప్రాణం. ఆమె దగ్గుతుంటే ఇతనికి ముద్ద దిగేది కాదు. పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు.

డాక్టరమ్మ అగ్గిపెట్టంత యంత్రాన్ని ఓబులమ్మ మెడలో వేసింది. "నువ్వు పీల్చే గాలిలో పొగ ఎంతుందో ఇది కొలుస్తుంది. చెడ్డగాలైతే ఎర్ర దీపం, మంచిగాలైతే పచ్చ దీపం. వారం పాటు మెడలోంచి తీయొద్దు. పొగ ఎక్కువని తేలితే మీ బట్టీకి ఊరికే పొగగొట్టం కట్టిస్తాం. ఎర్ర దీపం వెలిగిన చోట మాత్రం నిలబడొద్దమ్మా" అంది.

అంతే. బట్టీ రాజేశారో లేదో ఎర్ర దీపం వెలిగింది. ఓబులమ్మ జల్లెడ పారేసి వీధిలోకి పరుగెత్తింది. ఆమె వెనకే అన్నదమ్ములు. బాణలిలో బియ్యం మాడి బొగ్గయింది, ఆ పొగ వీధిలోకొచ్చింది. ఇంకేముంది, వీధిలోనూ ఎర్ర దీపమే. ఊరవతల గుట్ట ఎక్కాకగానీ పచ్చబడలేదు.

"ఈడనే ఉండిపోదామా అన్నా?" అన్నాడు లింగన్న.

"ఉండొచ్చురా. బట్టీ కూడా తెచ్చుకుంటే సరి."

పొయ్యిరాళ్ళూ, బాణలీ, పొట్టుబస్తా మోసుకొచ్చి గుట్ట మీద మంట పెట్టారు. దీపం మళ్ళీ ఎర్రబడింది.

"చూస్తివా, పొగ ఎంత తెలివైందో! మనం యాడికి పోయినా దారి కనుక్కుంటాది" అని లింగన్న మెచ్చుకున్నాడు.

కదిరప్ప మాత్రం యంత్రాన్ని చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "పాపం, పొగకు దీని కన్ను ఎట్ల ఎర్రబడిందో చూడండి!"

అంతే. బొరుగులమ్మే పెద్ద గాజుసీసాలో యంత్రాన్ని పెట్టి మూత బిగించాడు. కాసేపటికి పచ్చబడింది. కానీ మెడలోంచి తీయొద్దన్నారు కదా! అందుకని మోకుతాడు కట్టి సీసాను ఓబులమ్మ మెడకే వేలాడదీశాడు. వారమంతా ఆమె వంగి నడుస్తూ పొగలో దగ్గింది. దగ్గినప్పుడల్లా సీసా వెళ్ళి బాణలికి టంగుమని తగిలేది.

"నువ్వెంత దగ్గినా కానీ, దీనికి దగ్గు అంటలేదు చూడు!" అని కదిరప్ప మురిసిపోయాడు.

వారం తర్వాత ఆ సీసాను చూసి డాక్టరమ్మ తల పట్టుకుంది. "సీసాలో దాస్తే దానికి పొగ ఎలా తెలుస్తుందయ్యా? ఇప్పుడు పొగగొట్టం ఎలా ఇప్పించేది? మళ్ళీ వారం కొలవాలి. ముందు ఆ యంత్రాన్ని కాదు, నీ భార్యను కాపాడుకో!"

కదిరప్ప తల సిగ్గుతో వాలిపోయింది. నిజమే, కట్టుకున్నదాన్ని పొగలో వదిలేసి యంత్రాన్ని దాచాడు! ఆసుపత్రి నుంచి నేరుగా గాజుసామాన్ల అంగడికి పోయాడు.

"సామీ, మనిషి పట్టే సీసా ఉందా? మూత గట్టిగా ఉండల్ల. బొరుగులు వేపేదానికి చేతులు బయటికొచ్చేలాగ రెండు కన్నాలు పెట్టియ్యి."

అంగడాయన నోరు తెరిచాడు. ఓబులమ్మ దగ్గుతూనే మొగుడి కండువా పట్టి లాగింది.

"నీకేమన్నా బుద్ధుందా? ఒక్కటే అడుగుతావేంది! మరి నువ్వు పొగలో నిలబడతావా? రెండు తీసుకో."