ఎదురు రోకలి

మా గురువమ్మ నరసమాంబగారు ఎవరేమడిగినా వెంటనే జవాబివ్వరు. చేతికో పని ఇస్తారు. ఆ పనిలో జవాబు ఉందో లేదో వెతుక్కోవడం మన వంతు. నాకు చాలాసార్లు దొరకలేదు.

శ్రావణమాసంలో ఒక పొద్దున ముక్తేశ్వరరావు వచ్చి ఆవిడ ముందు కూర్చున్నాడు. పోస్టాఫీసులో ఉత్తరాలు ఊళ్లవారీగా వేరుచేసే ఉద్యోగం, యాభై ఏళ్లు, షుగరు. వాళ్ల నాన్నకు ఆ జబ్బుతోనే కాలు తీసేశారు. ఈయనకూ పాదాలు తిమ్మిరెక్కుతున్నాయి. ఒళ్లు కదిలించకపోతే మీదీ అదే దారి అన్నాడట డాక్టరు.

"సూర్యనమస్కారాలు తొమ్మిదోనాడు మానేశానమ్మా. జిమ్ముకు మూడు రోజులు. పార్కులో పదిమందితో నడక, పక్షం రోజులు. నా స్వభావానికి సరిపడే వ్యాయామం ఏదో మీరే చెప్పాలి," అన్నాడు.

గురువమ్మ నాకేసి చూశారు. నేను పూజకు చలిమిడి కోసం తడిబియ్యం దంచుతున్నాను.

"ఆదెమ్మకు జంట లేదు. రెండో రోకలి పట్టుకో," అన్నారు.

ఒకే రోట్లో ఇద్దరు దంచాలంటే ఒకరి రోకలి లేస్తుండగా రెండోది దిగాలి. ఆయన మర్యాదస్థుడు. నాలుగు పోట్లు వేసి, పెద్దదాన్నని నన్ను ముందు వేయనివ్వబోయి, రోకలి రోట్లోనే ఉంచి ఆగిపోయాడు. నా రోకలి వెళ్లి దానికి కొట్టుకుంది. మోచేయి దాకా జివ్వుమంది.

"ఆగితేనే దెబ్బ, నాయనా! మర్యాద మనిషికి చెయ్యి, రోకలికి కాదు," అన్నాను.

తరవాత ఆగలేదు. బియ్యమంతా పిండయ్యేసరికి చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది, ముఖం మాత్రం వెలిగిపోతోంది. "దొరికిందమ్మా! ఇదే నా వ్యాయామం," అని గురువమ్మకు దండం పెట్టి, ఆ సాయంత్రమే రోలూ రోకలీ కొని ఆటోలో ఇంటికి తీసుకుపోయాడట.

వారానికి మళ్లీ వచ్చాడు. ముఖం వాడిపోయింది.

"నాలుగోనాడు మానేశానమ్మా. ఇలాంటి రోలే, ఇలాంటి రోకలే. మా ఆవిడ రోలు మీద తులసికుండీ కూడా పెట్టేసింది. నాకేం అర్థం కావడం లేదు."

నాకూ అర్థం కాలేదు. పసుపు దంచుతున్నదాన్ని రోకలి ఆపి విన్నాను.

"పార్కు మానేసినప్పుడు ఎవరైనా అడిగారా?" అన్నారు గురువమ్మ.

"అంతమందిలో నేనెవరికి గుర్తుంటానమ్మా?"

"ఇక్కడ ఆగినప్పుడు?"

ఆయన నా మోచేతికేసి చూసి తల దించుకున్నాడు. "ఆదెమ్మగారికి తగిలింది."

ఆయనే మళ్లీ, "అంటే రోజూ వచ్చి ఇక్కడే దంచమంటారా? లేక పార్కుకే పొమ్మంటారా? నా కాలు నిలుస్తుందా అమ్మా?" అని అడిగాడు.

గురువమ్మ లేచి చాప చుట్టుకున్నారు.

"నువ్వు రాకపోతే ఎవరి పోటు తప్పుతుందో, అక్కడ నిలబడు. కాలు సంగతి కాలే చూసుకుంటుంది."